లైన్ ఫాలోయర్ ప్రాజెక్టు డైరీ: పీఐడీ జోలికి వెళ్ళే ముందు

నల్ల గీతను పట్టుకుని తనంతట తానే పరుగెత్తే బండి ఇది. రెండు మోటార్లు, ఐదు ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు, ఒక ఆర్డుయినో నానో (బండిని నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు). గీత మీద ఎలాగోలా నడిపించడం ఒక్క సాయంత్రం పని. సెకనుకు అర మీటరు దాటాక కూడా గీత వదలకుండా నడిపించడానికే మిగతా రోజులన్నీ పట్టాయి. ఆ రోజుల్లో, గీత తప్పిన బండి ఎంత తిరగాలో తేల్చే పీఐడీ లెక్కలోని కేపీ, కేడీ అనే గుణకాలు మార్చిన సమయం తక్కువ. వైర్లు, ఎత్తులు, బ్యాటరీ, లూప్ టైము (కోడు ఒక చుట్టు తిరిగే సమయం) సరిచేసిన సమయమే ఎక్కువ.

1వ రోజు: సామాను

ఆర్డుయినో నానో ఒకటి. ఎన్20 గేర్ మోటార్లు రెండు, 6 ఓల్టులవి, 500 ఆర్‌పీఎం. 43 మి.మీ. రబ్బరు చక్రాలు రెండు. టీసీఆర్‌టీ5000 సెన్సర్లు ఏడు: ఐదు బోర్డుకు, రెండు సోల్డరింగ్‌లో పోయేవాటి బదులు. టీబీ6612ఎఫ్‌ఎన్‌జీ మోటార్ డ్రైవరు, 18650 లిథియం సెల్లులు రెండు (సిరీస్‌లో), బ్యాటరీ ఓల్టేజీని 5కి తగ్గించే బక్ కన్వర్టరు, ముందు ఆధారంగా దొర్లే బాల్ కాస్టర్ ఒకటి, ఒక స్విచ్చు, ఒక పుష్ బటన్. రెసిస్టర్లలో 10 కిలో ఓములవి ఏడు, 150 ఓములవి రెండు, 220 ఓములది ఒకటి. కెపాసిటర్లలో 0.1 మైక్రోఫారడ్ సిరామిక్‌లు నాలుగు, 470 మైక్రోఫారడ్‌ది ఒకటి.

వేగం లెక్క ముందే వేసుకోవాలి. 43 మి.మీ. చక్రం చుట్టుకొలత 135 మి.మీ. నిమిషానికి 500 చుట్లంటే సెకనుకు 8.3, అంటే లోడ్ లేనప్పుడు సెకనుకు 1.1 మీటర్లు. మొదటి బండికి ఇది చాలు, నిజానికి ఎక్కువే. 1000 ఆర్‌పీఎం మోటార్లు కొంటే వేగం వస్తుంది కానీ, అదే మోటారులో గేర్ తగ్గిన కొద్దీ తిప్పే బలమూ తగ్గుతుంది. మలుపులో బ్రేకు వేసి మళ్ళీ లేచేటప్పుడు ఆ లోటు కనిపిస్తుంది.

డ్రైవరుగా చాలా కిట్లలో ఎల్298ఎన్ వస్తుంది. అది పాతకాలపు బైపోలార్ ట్రాన్సిస్టర్లది. ఒక ఆంపియర్ దగ్గర తనే దాదాపు 2 ఓల్టులు మింగేస్తుంది. 7.4 ఓల్టుల బ్యాటరీలో మోటారుకు దక్కేది 5.4, మిగిలింది హీట్ సింకును వేడి చేస్తుంది. టీబీ6612లో ఉండేవి మాస్‌ఫెట్లు. ఛానెల్‌కు నిరంతరంగా 1.2 ఆంపియర్లు, క్షణకాలానికి 3.2 ఆంపియర్లు ఇస్తుంది, గోరంత బోర్డు. ఎన్20కి సరిజోడు. పెద్ద మోటార్లయితే మాత్రం ఇది కాలిపోతుంది.

2వ రోజు: ఛాసిస్

5 మి.మీ. పీవీసీ ఫోమ్ షీటు, 140 × 100 మి.మీ. కత్తితో కోయొచ్చు, చేత్తో తిప్పే డ్రిల్లుతోనే రంధ్రం పడుతుంది. 3 మి.మీ. ఆక్రిలిక్ అందంగా ఉంటుంది గానీ, స్క్రూ ఒక చుట్టు ఎక్కువ బిగిస్తే రంధ్రం నుంచి చీలిక మొదలవుతుంది.

మోటార్లు ప్లేటు కిందివైపు, వెనక అంచు నుంచి 35 మి.మీ. దగ్గర. సెన్సర్ బోర్డు ఇరుసుకు 90 మి.మీ. ముందు. ఈ దూరం ఊరికే వచ్చింది కాదు. సెన్సర్లు ఇరుసుకు దగ్గరగా ఉంటే మలుపు తెలిసేసరికి బండి దాన్ని దాటిపోతుంది. బాగా ముందుకు జరిపితే బండి కొంచెం తిరిగినా సెన్సర్లు చాలా పక్కకు ఊగుతాయి, ముక్కు అటూ ఇటూ కొట్టుకుంటుంది.

ఎత్తు లెక్క తప్పితే తర్వాత అన్నీ తప్పుతాయి. చక్రం వ్యాసార్ధం 21.5. ఎన్20 మందం 10, కాబట్టి ఇరుసు ప్లేటు అడుగుకు 5 మి.మీ. కింద ఉంటుంది. అంటే ప్లేటు అడుగు నేల నుంచి 26.5 మి.మీ. కాస్టర్ కూడా అంతే ఎత్తు ఉండాలి. మా బాల్ కాస్టర్ 15 మి.మీ., దానికీ ప్లేటుకూ మధ్య 11.5 మి.మీ. దిమ్మె పెట్టాం. సెన్సరు కింద ఖాళీ 4 మి.మీ. కావాలి, సెన్సరు ఎత్తు 7, బోర్డు మందం 1.6. మొత్తం 12.6. మిగిలిన 13.9కి 12 మి.మీ. ఇత్తడి స్పేసరు, 1 మి.మీ. వాషర్లు రెండు. వాషర్లు ఉంటే ఎత్తు తర్వాత సవరించుకోవడం తేలిక, అందుకే 14 మి.మీ. స్పేసరు ఒకటే పెట్టలేదు.

బ్యాటరీ ఇరుసుకు కాస్త ముందు, దాదాపు దాని పైనే. సెల్లు ఒక్కోటి 45 గ్రాములు. బండి మొత్తం బరువులో ఇదే పెద్ద వాటా. దాన్ని ముందుకు పెడితే బరువు కాస్టర్ మీద పడుతుంది, చక్రాలకు పట్టు ఉండదు.

3వ రోజు: సెన్సర్ బోర్డు

టీసీఆర్‌టీ5000లో రెండు కళ్ళుంటాయి. నీలంగా, పారదర్శకంగా కనిపించేది ఎల్‌ఈడీ, నల్లనిది ఫోటో ట్రాన్సిస్టరు. ఎల్‌ఈడీ 950 నానోమీటర్ల కాంతి వెదజల్లుతుంది, కంటికి కనబడదు. తెల్ల కాగితం దాన్ని తిప్పి పంపుతుంది, నల్ల టేపు మింగేస్తుంది.

పర్ఫ్‌బోర్డు మీద రంధ్రాల మధ్య దూరం 2.54 మి.మీ. సెన్సరుకు సెన్సరుకు ఆరు రంధ్రాల దూరం ఇస్తే 15.24 మి.మీ. గీత వెడల్పు 19 మి.మీ. కాబట్టి గీత ఎక్కడున్నా కనీసం ఒక సెన్సరు, కొన్ని చోట్ల రెండు దాని మీద ఉంటాయి. గీత కన్నా సెన్సర్ల దూరం ఎక్కువైతే మధ్యలో గీత మాయమయ్యే చోట్లు పుడతాయి. ఆ తప్పు ఏ కోడూ దిద్దలేదు.

ఎల్‌ఈడీకి ఒక్కోదానికి 220 ఓములు పెడితే 17 మిల్లీ ఆంపియర్ల చొప్పున ఐదింటికీ 85. రెండేసి సిరీస్‌లో కలిపి జతకు 150 ఓములు, మిగిలిన ఒంటరి దానికి 220 పెడితే మొత్తం దాదాపు 50తో సరిపోతుంది. వెలుగు అంతే. ఫోటో ట్రాన్సిస్టరు కలెక్టరుకు 5 ఓల్టుల నుంచి 10 కిలో ఓములు, అదే చోటు నుంచి ఆర్డుయినోకు వైరు, ఎమిటరు గ్రౌండుకు. ఇలా కడితే తెలుపు మీద రీడింగు తక్కువ, నలుపు మీద ఎక్కువ.

సోల్డర్ చేసేటప్పుడు ఒక్కో కాలు దగ్గర మూడు సెకన్లు మించితే ప్లాస్టిక్ మెత్తబడి సెన్సరు ఒరిగిపోతుంది. ఒరిగిన సెన్సరు పని చేస్తూనే ఉంటుంది, కానీ పక్కవాటితో రీడింగు కలవదు. మా ఐదింటిలో ఒకటి ఇలాగే పోయింది.

ఎల్‌ఈడీ వెలుగుతోందో లేదో కంటికి తెలియదు. ఫోన్ కెమెరాలో చూస్తే లేత ఊదా చుక్కలా కనిపిస్తుంది. వెనక కెమెరాలో కనబడకపోతే ముందు కెమెరాతో చూడాలి, చాలా ఫోన్లలో ముందు కెమెరాకు ఇన్‌ఫ్రారెడ్‌ను అడ్డుకునే ఫిల్టరు పలుచన. ఐదింటిలో రెండు చుక్కలు కనబడలేదు. సిరీస్ జతలో ఒక ఎల్‌ఈడీ తిరగబడింది, అందుకే దాని జోడీ కూడా చీకటి.

4వ రోజు: వైరింగ్

మోటార్ డ్రైవరు పీడబ్ల్యూఎం (కరెంటును వేగంగా ఇస్తూ ఆపుతూ మోటారు వేగం మార్చే పద్ధతి, విలువ 0 నుంచి 255) పిన్నులు రెండూ డీ9, డీ10కి ఇచ్చాం. కారణం: ఈ రెండూ నానో చిప్పులోని టైమర్ 1 మీద నడుస్తాయి. డీ5, డీ6 టైమర్ 0 మీద. దాని ఫ్రీక్వెన్సీ మారిస్తే సమయం చూసే మిల్లిస్, డిలే ఆదేశాల లెక్కలు చెడిపోతాయి. దిశ పిన్నులు డీ7, డీ8, డీ4, డీ5. స్టాండ్‌బై డీ6. సెన్సర్లు ఏ0 నుంచి ఏ4 దాకా. స్టార్ట్ బటన్ డీ2, లోపలి పుల్అప్‌తో. బ్యాటరీ ఓల్టేజీ చూడ్డానికి 10 కిలో ఓముల రెసిస్టర్లు రెండింటితో సగం చేసి ఏ6కి. డీ0, డీ1 ముట్టుకోలేదు. అక్కడ ఏదైనా తగిలిస్తే ప్రోగ్రామ్ అప్‌లోడ్ కాదు.

మోటార్లు కదల్లేదు. ఈ డ్రైవరుతో మొదటి రోజు చాలా మందికి జరిగేది ఇదే. స్టాండ్‌బై పిన్ను 5 ఓల్టులకు ఎత్తకపోతే చిప్పు నిద్రలోనే ఉంటుంది. కోడ్‌లో డీ6ని హై చేశాక ఒక మోటారు తిరిగింది. రెండోది వణికి ఆగింది. దానికి కారణం గ్రౌండు. బ్యాటరీ మైనస్, డ్రైవరు గ్రౌండు, నానో గ్రౌండు మూడూ ఒక్క చోట కలవాలి. బ్రెడ్‌బోర్డు గ్రౌండు పట్టీ మధ్యలో తెగి ఉండే రకం మాది, రెండు సగాలూ విడివిడి.

మోటారు టెర్మినళ్ళకు అడ్డంగా 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ ఒక్కోటి, నేరుగా మోటారు మీదే సోల్డర్ చేశాం. బ్రష్షుల దగ్గర పుట్టే రొద అక్కడే చావాలి, వైరులోకి రాకూడదు. డ్రైవరు బ్యాటరీ పిన్నుల దగ్గర 470 మైక్రోఫారడ్. మిగతా రెండు సిరామిక్‌లు డ్రైవరు దగ్గర, నానో దగ్గర.

నానోకు అప్‌లోడ్ కాకుండా 'నాట్ ఇన్ సింక్' అని వస్తూ ఉంటే, ప్రాసెసర్ మెనూలో 'ఓల్డ్ బూట్‌లోడర్' ఎంచుకోవాలి. చాలా క్లోన్ నానోలకు అదే కావాలి. బోర్డు పాడైందనుకుని పక్కన పడేసిన నానోలు ఎన్నో ఈ ఒక్క మెనూతో బతుకుతాయి.

5వ రోజు

ట్రాకు వేశాం. తెల్లని మ్యాట్ షీటు, 19 మి.మీ. నల్ల ఇన్సులేషన్ టేపు. మలుపుల వ్యాసార్ధం 100 మి.మీ.కి తగ్గలేదు. టేపును సాగదీసి వంచితే ఆ పూటకు అంటుకుంటుంది, మర్నాటికి వంపు లోపలి అంచు లేచిపోతుంది. చిన్న ముక్కలు కోసి ఒకదాని మీద ఒకటి వేయడమే మేలు.

6వ రోజు: రీడింగులు

బండిని కదపకుండా, ఎత్తు మారుస్తూ ఐదు సెన్సర్ల అంకెలూ రాసుకున్నాం. 4 మి.మీ. దగ్గర తెలుపు 70 ప్రాంతంలో, నలుపు 780. 10 మి.మీ. దగ్గర తెలుపు 420, నలుపు 880. తేడా 710 నుంచి 460కి పడిపోయింది. పైగా ఎత్తు పెరిగితే ఒక సెన్సరు వెలుగు పక్క సెన్సరుకు కూడా తగులుతుంది. మరీ కిందికి, 1 మి.మీ.కి దించితే ఎల్‌ఈడీ వెలుగు తిరిగి రావడానికి దారి ఉండదు, రీడింగు తలకిందులవుతుంది. 4 దగ్గరే ఉంచాం.

కిటికీ తలుపు తీయగానే తెలుపు, నలుపు రెండూ కిందికి జారాయి. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది, సెన్సరుకు అది ఎల్‌ఈడీ వెలుగులాగే కనిపిస్తుంది. బోర్డు చుట్టూ నల్ల ఫోమ్ అంచు ఒకటి అతికిస్తే చాలా వరకు తగ్గింది. పక్కా మందు కావాలంటే ఎల్‌ఈడీలను ఒక ట్రాన్సిస్టరు ద్వారా ఆర్పి ఒక రీడింగు, వెలిగించి ఒక రీడింగు తీసుకుని తేడా చూడాలి. ఈ బండికి అంత అవసరం పడలేదు.

ఇంకో వింత. ట్రాకులో చిన్న ఖాళీని నల్ల మార్కరుతో పూడ్చితే బండి కళ్ళకు అక్కడ గీతే లేదు. కంటికి నల్లగా ఉన్నదంతా ఇన్‌ఫ్రారెడ్‌కు నలుపు కాదు. ద్రవంలో కరిగే రంగుతో చేసే మార్కర్లు చాలా వరకు ఆ కాంతిని అడ్డుకోవు, కింది తెలుపు కనిపించేస్తుంది. కార్బన్ కలిసిన ఇంకు, నల్ల టేపు అయితే నిజంగా మింగుతాయి. ప్రింటర్‌తో ట్రాకు వేద్దామనుకునేవాళ్ళు ముందు ఒక చిన్న ముక్క అచ్చు వేసి రీడింగు చూసుకోవాలి. లేజర్ ప్రింటర్ నల్ల టోనర్‌లో సాధారణంగా కార్బన్ ఉంటుంది, ఇంక్‌జెట్ సంగతి ఇంకుని బట్టి.

8వ రోజు: ఎప్పుడూ ఎడమకే

కాలిబ్రేషన్ రాశాం. స్టార్ట్ నొక్కాక నాలుగు సెకన్లు బండి గీత మీద అటూ ఇటూ తిరిగి, ఒక్కో సెన్సరు చూసిన కనిష్ఠం, గరిష్ఠం గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత ప్రతి రీడింగునూ 0 నుంచి 1000 మధ్యకు మారుస్తుంది. బండిని చేత్తో ఎత్తి పట్టుకుని కాలిబ్రేట్ చేయకూడదు. గాలిలో ఏ కాంతీ తిరిగి రాదు, కాబట్టి రీడింగు నలుపు కన్నా పైకి పోతుంది. అప్పుడు నిజమైన నలుపు 1000కి బదులు 850 దగ్గరే ఆగిపోతుంది.

గీత స్థానం లెక్క మామూలే. సెన్సర్లకు 0, 1000, 2000, 3000, 4000 బరువులు. ఒక్కో రీడింగును దాని బరువుతో గుణించి కూడి, రీడింగుల మొత్తంతో భాగించాలి. నడుమ 2000.

బండి గుండ్రంగా ఎడమకు తిరగడం మొదలుపెట్టింది. గీత ఎక్కడ పెట్టినా అంతే. మోటార్ వైర్లు మార్చాం, ఇప్పుడు గుండ్రంగా కుడికి. సెన్సర్ వైర్లు వరస తప్పాయేమో అని ఒక్కోటీ చూశాం, సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు కానీ స్థానం అంకెను స్క్రీను మీద చూడాలని తోచలేదు. నల్ల టేపు ముక్కను ఒక్కో సెన్సరు కింద విడివిడిగా పెడితే వచ్చినవి: 0, 16, మైనస్ 31, మైనస్ 14, 2. రావలసినవి 0, 1000, 2000, 3000, 4000.

ఈ అంకెలే దొంగను పట్టించాయి. నానోలో ఇంట్ అంటే 16 బిట్లు, 32,767 దాటితే మైనస్‌లోకి తిరుగుతుంది. నాలుగో సెన్సరుకు 1000 × 3000 అంటే 30 లక్షలు. 65,536 చొప్పున 45 సార్లు తీసేస్తే మిగిలేది 50,880. అది 32,767 దాటింది కాబట్టి ఇంట్‌లో మైనస్ 14,656గా కూర్చుంటుంది. 1000తో భాగిస్తే మైనస్ 14. మూడో సెన్సరుకు 20 లక్షలు, అదే తీరున మైనస్ 31,616. స్థానం ఎప్పుడూ సున్నా చుట్టూనే, కాబట్టి గీత ఎప్పుడూ ఎడమ చివరే ఉన్నట్టు బండికి కనిపిస్తుంది.

మొత్తం దాచే వేరియబుల్‌ను లాంగ్‌గా మార్చాం. అంకెలు కదల్లేదు. గుణకారం జరిగేది ఆ వేరియబుల్‌లో కాదు మరి. రెండు ఇంట్‌లను గుణిస్తే ఫలితం ఇంట్‌లోనే పుడుతుంది, పాడైపోయాకే లాంగ్‌లోకి వెళ్తుంది. గుణించే రెండింటిలో ఒకదాన్ని ముందే లాంగ్ చేయాలి. బరువుల అర్రేను లాంగ్‌గా ప్రకటించగానే 1000, 2000, 3000 వచ్చేశాయి. కంప్యూటర్లో ఇదే కోడు నడిపి చూస్తే తప్పు బయటపడదు, అక్కడ ఇంట్ 32 బిట్లు.

9వ రోజు

కేపీ ఒక్కటే, కేడీ సున్నా. మూల వేగం పీడబ్ల్యూఎంలో 255కి 110. 7.4 ఓల్టుల దగ్గర మోటారుకు అందేది దాదాపు 3.2 ఓల్టులు, వేగం సెకనుకు 0.6 మీటర్లకు అటూ ఇటూ. కేపీ 0.02 దగ్గర మలుపులో గీత వదిలేసింది. 0.05 దగ్గర మలుపు తిరిగింది కానీ నేరు గీత మీద కూడా పాములా మెలికలు. 0.1 దగ్గర పెద్ద ఊపులు, రెండు మూడు ఊపులకు బయటికి. 0.05 ఉంచాం.

పీడబ్ల్యూఎం 40కి తగ్గితే ఈ మోటార్లు కూనిరాగం తీస్తాయి, తిరగవు. లోపలి గేర్ల రాపిడిని దాటడానికి అంత చాలదు. అందుకని మలుపు లోపలివైపు చక్రానికి 40 లోపు విలువ వస్తే సున్నా చేయడమో, వెనక్కి తిప్పడమో చేయాలి. వెనక్కి తిప్పడమే బాగా పనిచేసింది.

10వ రోజు: ప్రింట్ తీసేస్తే బండి మారిపోయింది

కేడీ మొదలుపెట్టాం. గీతకు ఎంత దూరంలో ఉన్నామన్నది కేపీ చూస్తుంది, ఆ దూరం ఎంత త్వరగా మారుతోందన్నది కేడీ చూస్తుంది. 1922లో నికొలస్ మినోర్స్కీ ఓడలను తమంతట తామే దారిలో ఉంచే లెక్క రాసింది కూడా చుక్కాని పట్టే నావికుల్ని గమనించే. అనుభవమున్న నావికుడు ఓడ ఎంత పక్కకు పోయిందో ఒక్కటే చూడడు, ఎంత జోరుగా తిరుగుతోందో కూడా చూసి ముందే చుక్కాని వెనక్కి తిప్పుతాడు.

కేడీ 0.05 దగ్గర మెలికలు దాదాపు పోయాయి. బాగుందనుకుని, తెర మీద అంకెలు చూపించే సీరియల్ ప్రింట్ వరసలన్నీ తీసేసి, కేబుల్ విప్పి నడిపితే మెలికలు మళ్ళీ మొదలు. కోడ్‌లో వేరే మార్పు ఒక్కటీ లేదు.

లెక్క చూస్తే ఇలా ఉంది. 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్లు) దగ్గర ఒక అక్షరం వెళ్ళడానికి 1.04 మిల్లీ సెకన్లు. ఐదు రీడింగులు, మధ్య ట్యాబులు, వరస చివర కలిపితే 26 అక్షరాలు, 27 మిల్లీ సెకన్లు. పంపే ముందు అక్షరాలు ఆగే బఫరు 64 అక్షరాలదే. అది నిండాక ప్రింట్ ఆదేశం ఖాళీ దొరికేదాకా ఆగి కూర్చుంటుంది. ప్రింట్ లేకపోతే ఐదు అనలాగ్ రీడింగులకు ఒక్కోటి 0.11 చొప్పున 0.56, మిగతా లెక్కలతో కలిపి 0.7 మిల్లీ సెకన్లు. ఒక లూప్‌కు 27 నుంచి 0.7కి.

కేడీ చూసేది గత లూప్‌కూ ఈ లూప్‌కూ మధ్య తేడా. లూప్ దాదాపు నలభై రెట్లు వేగం పెరిగితే అదే ఊపుకు తేడా నలభయ్యో వంతు. కేడీ అంకె అలాగే ఉన్నా, దాని బలం పోయింది. పైగా ఇంత చిన్న తేడాలో మిగిలేది చాలా వరకు ఏడీసీ (ఓల్టేజీని అంకెగా మార్చే భాగం) రొదే. అసలు ప్రింట్‌తో నడిచిన బండి ఎంత గుడ్డిదో కూడా ఇప్పుడే తెలిసింది. సెకనుకు 600 మి.మీ. వేగంతో 27 మిల్లీ సెకన్లలో 16 మి.మీ. పోతుంది. అంటే ఒక సెన్సరు దూరం పోయేదాకా కళ్ళు మూసుకున్నట్టే.

మందు: లూప్‌ను కచ్చితంగా 2 మిల్లీ సెకన్లకు కట్టేశాం. మైక్రోస్ (మైక్రో సెకన్ల గడియారం) విలువ చూసి, గతసారికి 2000 కలిస్తే తప్ప ముందుకు పోదు. ఇప్పుడు కేడీ అంకెకు ఒక స్థిరమైన అర్థం వచ్చింది. 0.05తో మొదలెట్టి పెంచుకుంటూ పోతే 0.8 దగ్గర మెలికలు ఆగాయి. 1.5 దగ్గర బండి సన్నగా వణకడం మొదలు, అక్కడ నుంచి వెనక్కి వచ్చాం. అంకెలు చూడక తప్పనప్పుడు బాడ్ 115200 చేసి, యాభై లూప్‌లకు ఒకసారి మాత్రమే రాయాలి. 26 అక్షరాలు అప్పుడు బఫరులోనే ఇమిడిపోతాయి, లూప్ ఆగదు.

11వ రోజు

పని లేదు. సెల్లులు ఛార్జింగ్‌లో.

12వ రోజు: బ్యాటరీ

ఛార్జ్ నిండాక మొన్నటి అంకెలతో బండి మళ్ళీ ఊగుతోంది. రెండు సెల్లులు నిండుగా ఉంటే 8.4 ఓల్టులు, కాసేపు నడిచాక 7.2. అదే 110 పీడబ్ల్యూఎంకు మోటారుకు అందేది 3.6 నుంచి 3.1కి పడుతుంది. మొన్న సరిచేసిన అంకెలు సగం ఖాళీ బ్యాటరీవి. ఏ6 రీడింగుతో ఓల్టేజీ తెలుసుకుని, పీడబ్ల్యూఎంను 7.4 బై ఆ ఓల్టేజీతో గుణించడం మొదలుపెట్టాం. 8.4 దగ్గర ఏ6 మీద 859, 7.4 దగ్గర 757. ఇది పరుగు మొదలయ్యే ముందు ఒక్కసారి చదివితే చాలు. పరుగులో చదివితే మోటారు లాగినప్పుడల్లా అంకె గెంతుతుంది. 675కి, అంటే 6.6 ఓల్టులకు దిగితే బండి కదలకుండా ఎల్‌ఈడీ మాత్రం ఆడిస్తుంది. సెల్లు 3.3కి దిగాక నడపడం సెల్లుకు మంచిది కాదు.

మోటార్లు 6 ఓల్టులవి, బ్యాటరీ 8.4. కాబట్టి పీడబ్ల్యూఎం గరిష్ఠం 180. 6 బై 8.4 ఇంటూ 255 అంటే 182.

ఇంకో చిక్కు: నానోకు యూఎస్‌బీ కరెంటు ఒక డయోడ్ గుండా వస్తుంది, 5 ఓల్టుల పట్టీ మీద 4.7 దాకానే ఉంటుంది. బ్యాటరీ మీద బక్ కన్వర్టరు నుంచి సరిగ్గా 5. ఏ6 రీడింగుకు కొలబద్ద ఆ పట్టీయే కాబట్టి, యూఎస్‌బీ మీద ఉండగా బ్యాటరీ ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. సెన్సర్ ఎల్‌ఈడీల వెలుగూ కాస్త తగ్గుతుంది. బ్యాటరీ స్విచ్చు వేయకుండా కేబుల్ మీద తీసిన ఏ అంకెనూ నమ్మలేదు ఆ తర్వాత.

మలుపుల్లో రెండు సార్లు నానో తనంతట తానే రీస్టార్ట్ అయింది. మోటారు ఒక్కసారిగా దిశ మార్చినప్పుడు లాగే కరెంటుకు బ్యాటరీ హోల్డరు స్ప్రింగుల దగ్గరే ఓల్టేజీ పడిపోతోంది. మల్టీమీటరు ఇంత వేగం పట్టుకోలేదు. హోల్డరు సన్నని వైర్లు తీసేసి లావువి సోల్డర్ చేసి, బక్ కన్వర్టరుకు బ్యాటరీ నుంచి విడిగా వైరు లాగితే ఆగింది. అంతకు ముందు అది డ్రైవరు పిన్నుల దగ్గర నుంచి తీసుకుంటోంది.

13వ రోజు: లంబకోణాలు, తెగిన గీత

గీత పూర్తిగా కనబడకపోతే రీడింగుల మొత్తం సున్నా దగ్గరికి వస్తుంది, భాగహారం అర్థం లేని అంకె ఇస్తుంది. మొత్తం 200 లోపైతే స్థానం లెక్కించకుండా, చివరిసారి గీత ఏ పక్కన ఉందో ఆ పక్కకు 0 లేదా 4000 ఇచ్చేశాం. వంపుల్లో గీత వదిలినా ఇది చాలా సార్లు వెనక్కి తెచ్చింది. తెగిన గీత దగ్గర మాత్రం ఇదే శత్రువు. నేరుగా వెళ్ళాల్సింది పోయి పక్కకు తిరిగిపోతుంది. కాబట్టి చివరి స్థానం 1500, 2500 మధ్య ఉంటే 80 మిల్లీ సెకన్లు నేరుగా పోనిచ్చి, ఆ తర్వాతే వెతకాలి. సెకనుకు 0.6 మీటర్ల దగ్గర అది 48 మి.మీ. ఖాళీ దాకా సరిపోతుంది.

కూడలి తనే దాటుతుంది. ఐదు సెన్సర్లూ నలుపైతే సగటు 2000 వస్తుంది, బండి నేరుగా పోతుంది. లంబకోణం దగ్గర ఒక పక్క మూడు సెన్సర్లు ఒకేసారి నలుపవుతాయి. అక్కడ పీడీని (కేపీ, కేడీల లెక్కను) నమ్మితే సగటుకు నడుమ నుంచి 1000 తేడా మాత్రమే వస్తుంది, తిరుగుడు చాలదు. ఒక పక్క చివరి సెన్సరు 800 దాటి, అవతలి పక్క చివరిది 200 లోపుంటే, నలుపు చూసిన పక్కను గుర్తుపెట్టుకుని, గీత పోయిన వెంటనే లోపలి చక్రం వెనక్కి, బయటిది ముందుకు తిప్పడం. నడి సెన్సరు మళ్ళీ నలుపు చూసేదాకా.

15వ రోజు

మూల వేగం 160, కేపీ 0.08, కేడీ 1.6. గరిష్ఠం 180 కాబట్టి బయటి చక్రానికి పెరగడానికి 20 మాత్రమే చోటుంది. తిరుగుడంతా లోపలి చక్రం తగ్గడం మీదే ఆధారపడుతుంది. అందుకే అది మైనస్ 100 దాకా వెళ్ళేలా వదిలాం. టైమర్ 1 ప్రీస్కేలరు (గడియారాన్ని భాగించే అంకె) 1 చేసి ఫ్రీక్వెన్సీ 490 నుంచి 31 కిలోహెర్ట్జ్‌కు పెంచితే మోటార్ల కీచు పోయింది. కానీ 40 దగ్గర కదిలే మోటారు ఇప్పుడు 55 దాకా కదల్లేదు. ఆ హద్దు కోడ్‌లో మార్చాం. డీ9, డీ10 ఇలా వాడుతున్నంత కాలం సెర్వో లైబ్రరీ ఈ బండిలో పెట్టకూడదు, అది కూడా టైమర్ 1నే పట్టుకుంటుంది.

పది చుట్లలో తొమ్మిది పూర్తి. పోయిన చుట్టు లంబకోణం దగ్గర, చక్రం జారి. రబ్బరు మీద ట్రాకు దుమ్ము పొరలా పేరుకుంది. తడిగుడ్డతో తుడిచాక వరసగా పది పూర్తయ్యాయి. ప్రతి మూడు చుట్లకోసారి తుడవాలని చెక్‌లిస్టులో చేర్చాం.

మిగిలినవి: కాస్టర్ టేపు అతుకుల దగ్గర టక్కుమంటోంది, దిమ్మె అర మి.మీ. తగ్గించి చూడాలి. రెండో సెన్సరు తెలుపు మీద మిగతావాటికన్నా 40 ఎక్కువ చూపిస్తోంది. ఒరిగిందో, దాని 10 కిలో ఓముల రెసిస్టరే తేడానో విప్పి కొలవాలి.